ముందు కాలు, తర్వాత చెయ్యి

గుడెప్పాడు క్రాస్ దగ్గర బండిని పరకాల రోడ్డుకు తిప్పుతుంటే వెనక ఏదో దొర్లిన చప్పుడైంది, మాన్‌సింగ్ చెవి అటు పోయింది, గిటారేనా, కాదు కాదు, గిటారు పడితే చప్పుడు మొద్దుగా ఉంటుంది, ఇది డొల్లగా ఉంది, నీళ్ల క్యానే అయి ఉంటుంది, క్యానే కావాలి తల్లీ. అద్దంలో చూస్తే వెనక సీట్లలో ఉన్నవాళ్లంతా తలో పక్కకు మెడలు వాల్చి నిద్రపోతున్నారు, ఒక్కరికీ పట్టింపు లేదు, వాళ్లకేం, సదానందం పాడబట్టి ఇరవై ఏళ్లు, ఈ బృందమూ ఆయనదే, ఈ బండీ ఆయనదే, స్వరూప పాట ఎత్తుకుంటే మైకు లేకున్నా నాలుగు వాడలకు వినబడుతుంది, ఆ సాకేత్ పిల్లగాడైతే పుట్టినప్పుడే రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి పుట్టినట్టున్నాడు, వాళ్లకు నిద్ర రాక ఏం చేస్తుంది. నిద్ర లేనిది ముందు సీట్లలో ఉన్న ఇద్దరికే. ఎనిమిది రోజులుగా కన్ను మూతపడని డ్రైవర్ మాన్‌సింగ్ ఒకడు, డప్పును ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తున్న ముసలి రాజమల్లు ఒకడు. ఆ ముసలాయన ఏదైనా మాట్లాడితే బాగుండు, తిట్టినా బాగుండు, జనగామలో బండెక్కినప్పటి నుంచి నోట్లో తమలపాకు ఒక్కటే కదులుతోంది.

"టైమెంతయిందో అన్నా?"

"మూడున్నర గావొస్తది. నువ్వు బండి సూడు."

బండి చూస్తూనే ఉన్నాడు, బండికేం, బండి తన మానాన తను పోతోంది, మూడేళ్ల నుంచి నడుపుతున్న బండి, ఏ గుంతలో ఎంత ఊగుతుందో నడుముకు తెలుసు. తెలియనిది అయిదు గంటల సంగతి. నాలుగున్నరకు మొగుళ్లపల్లి చేరతారు, అక్కడ బొడ్రాయి పండుగ, పెళ్లిళ్లయి పోయిన ఊరి ఆడబిడ్డలంతా పుట్టింటికి వచ్చి ఉంటారు, పొద్దుగూకినాక పాటల ప్రోగ్రాం, దానికి ముందు అయిదింటికి మైక్ టెస్ట్. పొద్దున డబ్బాలు ఎక్కించేటప్పుడు సదానందం భుజం మీద చెయ్యేసి చెప్పిన మాట, కోపంగా చెప్పినా కొంత నయముండేది, నెమ్మదిగా చెప్పాడు, "మాన్‌సింగూ, రాజమల్లన్న మాట తీసెయ్యలేక ఒప్పుకున్న. మైక్ టెస్టుల వింట. మంచిగుంటె మాతోటి స్టేజీ మీద ఉంటవ్. లేకుంటె సాకేత్ ఎడమచేత్తోటి నీ పని కానిస్తడు, నువ్వు బండికాడ ఉండు. ఇగ గా గిటారు ముచ్చట మల్ల తియ్యద్దు." అన్యాయమా అంటే కాదు, సదానందం జాగాలో తానున్నా అదే మాట అనేవాడు, అంతకంటే ముందే అనేవాడు, అదే కదా మంట. ఒక్కసారి. ఒక్క పాట. అది పోతే గిటారు పోతుంది, గిటారుతో పాటు రాజమల్లు మాటా పోతుంది, నలభై ఏళ్లు డప్పు కొట్టి సంపాదించిన మాట, ఎవరి కోసం పోగొట్టుకుంటున్నాడు ఈ ముసలాయన, నర్సింహులపేట పక్కన తండావాని కోసం, నిన్న మొన్నటి దాకా బోరు లారీ మీద మట్టి కొట్టుకున్నవాని కోసం. అడగాలనిపించింది, ఎందుకన్నా నా కోసం మాటిచ్చినవ్ అని, అడిగితే ఏమంటాడో అని భయమేసి గేరు మార్చాడు. ఎండ ఎడమ కిటికీలోంచి వెనక సీటు మీద పడుతోంది, గిటారు అక్కడే ఉంది, భార్య చాందీ పాత చీర ముక్కతో సీటుకు కట్టి ఉంది, ఎండకు తీగలు జారతాయని నరేందర్ చెప్పాడు, జారితే మళ్లీ బిగించాలి, బిగిస్తుంటే సాకేత్ నవ్వుతాడు, నవ్వడు గానీ నవ్వినట్టే చూస్తాడు.

నరేందర్ చెప్పినవి చాలా ఉన్నాయి, అన్నీ ఇలాగే ఒకదాని మీద ఒకటి పడి తలలో గందరగోళం చేస్తాయి. నరేందర్ మానుకోటలో ఆర్కెస్ట్రాకు బేస్ గిటార్ వాయించేవాడు, కీబోర్డులు వచ్చాక, ఒక్కడే రెండు చేతులతో ముగ్గురి పని చేస్తుంటే బేస్ వాయించేవాణ్ణి ఎవరు పిలుస్తారు, ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాడు. వాళ్లింటి వెనక బోరు వేసింది మాన్‌సింగే, మూడు వందల అడుగులు పోయినా దుమ్మే లేస్తుంటే ఇంటివాళ్లు ఆపమన్నారు, ఇంకొక్క రాడ్డు ఆగుండ్రి అన్నాడు మాన్‌సింగ్, నీళ్లు పడ్డాయి, అప్పటి నుంచి దోస్తానా. పోయిన వానాకాలం టీ తాగుదామని పోతే గోడకు వేలాడుతోంది, నాలుగు తీగలు, పైది పెన్సిలంత లావు, ఊరికే వేలుతో అట్లా అన్నాడు, గోడ జుమ్మన్నది, గోడేంది, కడుపులో జుమ్మన్నది, బోరు లారీ హామరు బండను దాటి మెత్తటి దాంట్లోకి దిగినప్పుడు పాదాల్లో వచ్చేదే, అదే, పన్నెండేళ్లు కాళ్లతో విన్నదే. తీస్కపో, గోడకుంటే సూడబుద్దయితలే నాకు, అన్నాడు నరేందర్. అట్లా వచ్చింది ఇంటికి. చాందీ చూసి నోటి మీద చెయ్యేసుకుంది, ముప్పై తొమ్మిదేళ్లకు పిల్లగాని షోకు వచ్చిందా నీకు అంది. షోకు కాదే. ఏందో చెప్పరాలేదు అప్పుడు, ఇప్పుడు చెప్పమన్నా రాదేమో, బోరులో నీళ్లు పడితే ఊరంతా నీళ్లను చూస్తారు, కొబ్బరికాయ కొడతారు, పసుపు చల్లుతారు, బురద కొట్టుకుపోయి నిలబడ్డవాణ్ణి ఎవడు చూస్తాడు, బండి దిగితే స్వరూపను చూస్తారు, సదానందంతో ఫొటోలు దిగుతారు, డ్రైవర్ జర పక్కకు జరుగు అంటారు. జరిగాడు, మూడేళ్లు జరుగుతూనే ఉన్నాడు. ఒక్కసారి మనిషిలాగా ఎదురుగా నిలబడి ఉంటే, చూసేవాళ్లలో బిడ్డ మౌనిక ఉంటే, అంతకంటే ఏం అడిగాడు.

పరకాల దిక్కు నుంచి బొగ్గు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ మీదికొచ్చింది, స్టీరింగు కొంచెం పక్కకు తిప్పాడు, ముందున్న ఎండ అట్ట కదిలి దాని మీద అతికించిన కాగితం కనిపించింది, మౌనిక రాసిచ్చింది, మానుకోటలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటుంది, సంక్షేమ హాస్టల్ పప్పు తింటూ తండ్రి గిటారు గురించి బెంగపడే పిల్ల ఈ జిల్లాలో ఇంకొకతె ఉండదు. ఏది ముందు ఏది తర్వాత అని ఫోన్‌లో వీడియోలన్నీ చూసి వరుసగా రాసింది, మొదటిది వేళ్ల వేగం, తర్వాత పాట మొత్తం ఫోన్‌లో విని ఎక్కించుకోవడం, ఆ తర్వాత కింది తీగల మీద సొగసులు, అట్టడుగున తాళం. మంచిగానే కనబడింది అప్పుడు. ఆరు నెలలు ఆ వరుసనే పట్టుకున్నాడు. ఇంట్లో యాంపు లేదు, కరెంటు పెట్టె లేకుండా ఈ గిటారు వాయిస్తే దోమ చప్పుడంత రాదు, గిటారు తలను బియ్యం డ్రమ్ముకు ఆనించి వాయిస్తే డ్రమ్ము పలికేది, చాందీ వంట చేసుకుంటూ, బియ్యానికి పాట నేర్పుతున్నవా అనేది, అననీ, తెల్లారగట్ల రెండు గంటలు, తండాలో కోళ్లు కూడా అలవాటుపడ్డాయి. ఫోన్‌లో స్వరూప పాటలు పెట్టుకుని ఒక్కొక్క ముక్కా ఆపి ఆపి విని వేళ్లకు ఎక్కించాడు, ఆడబిడ్డ పాట మొత్తం, పల్లవి, మూడు చరణాలు, తప్పు లేకుండా. అయ్యో రామా, ఎంత మురిసిపోయాడు! తెలియలేదు. ఆ చిన్న ఫోన్ బుడ్డి స్పీకర్‌లో లావు తీగ చప్పుడు వినబడనే వినబడదని ఎవరూ చెప్పలేదు. వినబడింది స్వరూప గొంతు, వినబడిందే నేర్చుకున్నాడు, బేస్ గిటార్ మీద స్వరూప పాట నేర్చుకున్నాడు, ఆరు నెలలు, ఇంటి కప్పు కింద వాసాలు ఉంటాయని తెలియక పైన పెంకులు లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాడు.

దాని ఫలితం పెద్దవంగరలో వచ్చింది. వద్దు, పెద్దవంగర వద్దు, ఇప్పుడు వద్దు, ముందున్న ఎడ్లబండి దాటనీ అనుకున్నాడు, ఎడ్లబండి దాటింది, పెద్దవంగర దాటలేదు, ఎక్కడికి పోయినా వెంటబడి వస్తుంది ఆ హైస్కూల్ గ్రౌండ్. మొదటిసారి పెద్ద డబ్బాలకు వైరు పెట్టారు, మొదటి దెబ్బకు తన కాళ్ల కింద చెక్కలే వణికాయి, ఒక్క క్షణం, అబ్బ, ఆ ఒక్క క్షణం చాలు అనిపించింది. తర్వాత పాట మొదలైంది, స్వరూప పైన పాడుతుంటే అదే పాట కింద డబ్బాల్లో బుడబుడమని ఒక అర అడుగు వెనక దేక్కుంటూ వస్తోంది, కొట్టిన తీగ ఆగక ముందే ఇంకో తీగ, దాని మీద ఇంకోటి, అంతా కలిసి ఒకటే హోరు, ముందర గుండ్రంగా తిరిగి చప్పట్లు కొడుతూ ఆడే ఆడోళ్ల కాళ్లు ఒకరివి ఒకరికి తగులుకున్నాయి, చప్పట్లు చెల్లాచెదరయ్యాయి, ఒక అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి స్టేజీ వంక చూసింది, ఏంది బిడ్డా ఇది అన్నట్టు. "ఓ డ్రైవరన్నా, బండి ఏ గేర్ల ఉన్నది!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు, గ్రౌండంతా ఒకటే నవ్వు. సదానందం పాట ఆపలేదు, పాడుకుంటూనే వచ్చాడు, పాడుకుంటూనే వంగి వైరు పీకేశాడు, పాడుకుంటూనే పోయాడు. స్టేజీ దిగాలో ఉండాలో తెలియక మాన్‌సింగ్ పాట అయ్యేదాకా చప్పుడు లేని గిటారు మీద వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాడు. సాకేత్ ఎడమచెయ్యి కీబోర్డు మీద కిందికి జరిగింది, అప్పుడే అంతా సర్దుకుంది, అవ్వలు మళ్లీ తిరిగారు. అదే గుచ్చుకునేది, అంత సులువుగా సర్దుకోవడం. ఆ వీడియో తండాకు పోయింది, తండా నుంచి హాస్టల్‌కు పోయింది. మౌనిక ఫోన్ చేసి, "బాపూ, వైరు వాళ్లే పీకిండ్రా?" అని అడిగింది. ఊడిపోయిందిలే బిడ్డా అన్నాడు. నమ్మలేదు, నమ్మలేదని అతనికీ తెలుసు.

"గా మలుపుకాడ జర మెల్లగ," అన్నాడు రాజమల్లు. మెల్లగా తిప్పాడు. రోడ్డు పక్క చేన్లలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎర్రగా, ఘాటు బండిలోకి వచ్చి వెనక ఎవరో నిద్రలోనే తుమ్మారు. పెద్దవంగర నుంచి వచ్చే దారిలో కూడా ఈ ముసలాయన ఇదే సీట్లో ఇట్లాగే కూర్చున్నాడు, జనగామలో దిగేటప్పుడు ఎండ అట్ట మీద కాగితం చూసి, ఏంది గది, అన్నాడు. ఆయనకు చదువు రాదు. మాన్‌సింగ్ సిగ్గుపడుతూ చదివి వినిపించాడు, వేళ్ల వేగం, పాట, సొగసులు, తాళం. తాళం ఏడున్నది? అడుగున ఉన్నదన్నా. ముసలాయన కాగితం పీకి, తలకిందులు చేసి, మళ్లీ అతికించి, "ఇప్పుడు సరిగున్నది. రేపు పొద్దుగాల మా ఇంటికి రా," అన్నాడు. ఇప్పటికీ అట్లాగే ఉంది, మౌనిక అక్షరాలు కాళ్లు పైకి పెట్టి. మర్నాడు పోతే గిటారు కవరు కూడా విప్పనియ్యలేదు, గోడ మేకుకు తగిలించమన్నాడు, తాను మూలన కూర్చుని డప్పు కొడుతూ, "నడువ్," అన్నాడు. నడవడమా? "ముందు కాలు. కాలు దొరికినంక చెయ్యి. నడువ్." వాకిట్లో చుట్టూ నడిచాడు, మూడు రోజులు నడిచాడు, పెద్ద దెబ్బ పడ్డప్పుడే కుడికాలు పడాలి, ముందు పడొద్దు, వెనక పడొద్దు, పక్కింటోళ్లు గోడ మీదుగా చూసి నవ్వుకున్నారు, ఇంత మనిషికి నడక నేర్పుతున్నాడని. మొదటి రోజు కాలు వెనకే పడింది ఎప్పుడూ. ముసలాయన డప్పు ఆపి, "నీ చెవి ఏడున్నది? గా పిల్ల పాట మీదున్నది. లోపల పాడుకుంటున్నవ్, పాట యెంబడి పోతున్నవ్. పాట నీ మీద నడవాలెరా, నువ్వు దాని యెంబడి ఉరుకుడేంది," అన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం ఎప్పుడో, ఆకలికి బుర్ర ఖాళీ అయిపోయినప్పుడు, కాలు పడింది. పడ్డదని ముందు కాలికే తెలిసింది. చిన్నప్పుడు తీజ్ పండుగకు తండాలో ఆడోళ్లు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరుగుతుంటే తాను నేల మీద పడుకుని చెవి మట్టికి ఆనించేవాడు, ముప్పై జతల కాళ్లు ఒక్కసారి పడేవి, వాటిలో యాడి కాలు, తన తల్లి కాలు, ఏదో గుర్తుపట్టాలని చూసేవాడు, ఎప్పుడూ దొరికేది కాదు, అన్నీ ఒకటే కాలు అయ్యేవి. ఇది ఇన్నేళ్లు ఎక్కడ దాగి ఉంది మరి, ఎందుకు మరిచిపోయాడు.

పరకాల దాటాక రోడ్డు సన్నబడింది. నాలుగో రోజు ముసలాయన గిటారు చేతికిచ్చాడు, ఒక్క లావు తీగ, ఒక్క దెబ్బ, డప్పు పెద్ద దెబ్బ పడ్డకాడే, ఎడమచెయ్యి ముట్టొద్దు. అయిదో రోజు కొట్టిన తీగను అరచేత్తో ఆపడం, కొట్టుడు పిల్లగాండ్లు సుత కొడ్తరు, ఆపుడు నేర్చుకో, అని ఆ ఒక్కటే పొద్దుందాకా. ఆరో రోజూ ఏడో రోజూ రెండో జాగ. తీగ మీద వేలు నొక్కే చోటును ముసలాయన జాగ అంటాడు, ఆడబిడ్డ పాటకు మొత్తం మూడు జాగలే కావాలి, పల్లవికి రెండు, చరణంలో స్వరూప గొంతు పైకి లేచే చోట మూడోది. సాకేత్‌ను ఫోన్‌లో అడిగి అవి ఎక్కడున్నాయో గిటారు మెడ మీద సున్నంతో చుక్కలు పెట్టించాడు. మూడు జాగలు, ఎనిమిది రోజులు, ఎనిమిదో రోజు మూడోది, అంతా సరిపోయేదే. కానీ ఎనిమిదో రోజు ఇవాళే, పొద్దున్నే సామాను ఎక్కించాలని సదానందం పిలిచాడు. మూడోది కాలేదు. చుక్క ఉంది, వేలూ పోతుంది, కానీ పోయేసరికి కాలు తప్పుతోంది, కాలు తప్పకుంటే వేలు పోదు. ఆరు నెలల్లో మూడు చరణాలు వేళ్లకు ఎక్కించినవాడికి ఒక్క జాగ రావడం లేదు, దిక్కుమాలిన చుక్క, అరిటాకంత చెయ్యి ఉండీ, బోరు రాడ్లు ఎత్తిన చెయ్యి ఉండీ. స్టీరింగు మీద చూపుడువేలు నొక్కి చూశాడు, ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, ఇప్పుడు మూడు, తప్పింది. మళ్లీ. తప్పింది. అరచేతులు చెమటకు జారుతున్నాయి, లుంగీకి తుడుచుకుందామంటే ఇవాళ ప్యాంటు వేసుకున్నాడు, చాందీ ఇస్త్రీ చేసిచ్చిన ప్యాంటు, ఇది గిన కాకపోతే గోడకు పెట్టేస్త అని మాటిచ్చి వేసుకున్న ప్యాంటు.

"అన్నా, మూడో జాగ వస్తలే."

"తెలుసు."

"మరెట్ల?"

"రాకుంటె ఊకో. ఆడ చెయ్యి ముట్టకు. మల్ల మొదటి జాగ వచ్చినప్పుడు అందుకో."

ఊకోవడమా! వంద మంది ముందు, సదానందం చెవి రిక్కించి వింటున్నప్పుడు, మధ్యలో చేతులు కట్టుకుని ఊరుకోవడమా, సాకేత్ ఎడమచెయ్యి ఎప్పుడెప్పుడా అని చూస్తుంటే ఇదిగో బాబూ జాగా ఖాళీగా ఉంది రా అని పిలవడమా. ముసలాయనకు మతి పోయింది. లేదా తన మీద ఆశ పోయింది. ఆ మాట అడిగేసే లోపలే ముందు రోడ్డంతా గొర్రెలు, రెండు వందలుంటాయి, ఇటు నుంచి అటు పోతున్నాయి, తొందర లేదు వాటికి, బ్రేకు వేశాడు, డీజిల్ దండగ అని ఇంజన్ ఆపేశాడు. ఆపాడో లేదో వెనక ఒకటొకటిగా తలలు లేచాయి. "ఏమైంది?" అంది స్వరూప కళ్లు నులుముకుంటూ. "ఏమైందిరా, పంచరా?" అన్నాడు సదానందం. ఏం కాలేదన్నా, గొర్లు, పండుకోండ్రి. జనగామ నుంచి రోడ్డు మీద ఎన్ని గుంతలు, ఎన్ని హారన్లు, ఒక్కరు కదలలేదు, ఇంజను ఆగితే లేచారు. బోరు లారీ మీద కూడా అంతే కదా, కంప్రెషర్ రాత్రంతా పక్కనే మొత్తుకుంటుంటే కూలోళ్లు లారీ కింద గురకపెట్టి నిద్రపోయేవాళ్లు, డీజిల్ అయిపోయి అది ఆగిందంటే చాలు అందరూ ఒక్కసారి లేచి కూర్చునేవాళ్లు. ఆఖరి గొర్రె దాటింది. తాళం తిప్పాడు, ఇంజను అందుకుంది, అద్దంలో చూస్తే తలలు మళ్లీ వాలిపోయాయి. మూడో జాగ, మూడో జాగ, వేలు స్టీరింగు మీద పోయింది, తప్పింది.

మొగుళ్లపల్లిలో అన్నీ తొందర తొందరగా జరిగాయి, లేక అతనికి అట్లా అనిపించిందో, బొడ్రాయి దగ్గర పసుపు నీళ్ల వాసన, కొత్త చీరల్లో ఆడబిడ్డలు, ఒకరినొకరు గుర్తుపట్టి మీదపడి ఏడ్చేవాళ్లు నవ్వేవాళ్లు, స్టేజీ పక్క రాజమల్లు గడ్డి మంట పెట్టి డప్పు కాచుకుంటున్నాడు, తానూ గిటారు కాచుకోగలిగితే బాగుండు, చేతులన్నా కాచుకుందామని మంట దగ్గరికి పోయాడు, చేతులు ఎండకే కాలి ఉన్నాయి, అయినా కాచుకున్నాడు. తీగలు జారాయి, బిగించాడు, సాకేత్ దగ్గరికొచ్చి కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కి పట్టుకున్నాడు, దాన్ని పట్టుకుని బిగించు అన్నా, అన్నాడు, నవ్వలేదు. వైరు పెట్టారు. స్వరూప వెనక కోరస్ పాడే నిర్మలక్క ఫోన్ ఎత్తి పట్టుకుంది, మౌనిక చూస్తుందంట, అయ్యో ఎందుకక్కా, మైక్ టెస్టే కదా, చూడనీ పిల్ల పరేషాన్ అయితున్నది అంది. సదానందం స్టేజీ కింద మైకుల అతనితో స్వరూప గొంతు పగులుతోందని కొట్లాడుతున్నాడు, ఇటు చూడనే లేదు, చూడకుండానే, ఆడబిడ్డ పాట, కానీయుండ్రి, అన్నాడు. రాజమల్లు డప్పు కొట్టే సిర్ర పుల్ల ఎత్తాడు. కాలు. ముందు కాలు. కాలు పడింది, దాంతో పాటే లావు తీగ, ఒక్కటి, అరచేత్తో ఆపాడు, ఖాళీ, అబ్బ ఎంత పెద్ద ఖాళీ, చెయ్యి దురద పెడుతోంది ఏదో ఒకటి కొట్టమని, కొట్టలేదు, కాలు, ఒక్కటి, ఆపాడు, స్వరూప పాట ఎత్తుకుంది, వినొద్దు, దాని వెంబడి పోవద్దు, కాలు, రెండో జాగ, ఆపు. ఎవరూ ఏమీ అనడం లేదు. సదానందం ఇంకా మైకుల అతనితోనే కొట్లాడుతున్నాడు. బాగుందా, బాగలేదా, వినబడుతోందా అసలు, స్టేజీ ముందు ఇద్దరు ముగ్గురు ఆడబిడ్డలు మాటలు ఆపకుండానే కొంగు నడుముకు చెక్కి తిరగడం మొదలుపెట్టారు, వాళ్ల కాళ్లు, కాలు, ఒక్కటి, ఇదిగో చరణం వచ్చేస్తోంది, పైకి లేస్తోంది స్వరూప గొంతు, చుక్క, సున్నం చుక్క, వేలు లేచింది, రాకుంటె ఊకో, వేలును వెనక్కి లాక్కుని అరచెయ్యి తీగల మీద పెట్టి నిలబడిపోయాడు. కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

"ఏమైంది?"

కళ్లు తెరిస్తే స్వరూప పాట ఆపి వెనక్కి తిరిగి ఉంది. తిరిగే ఆడబిడ్డలు ఆగి స్టేజీ వంక చూస్తున్నారు. సాకేత్ ఎడమచెయ్యి కిందికి జరుగుతూ మధ్యలో ఆగింది. సదానందం మైకుల అతన్ని వదిలేసి, నిద్రలోంచి లేచినవాడి ముఖంతో, "ఏమైంది? ఎందుకాపినవ్?" అన్నాడు. అందరూ తననే చూస్తున్నారు. మనిషిలాగా ఎదురుగా నిలబడాలనుకున్న మనిషికి నేల పగిలితే బాగుండు అనిపించింది.

"గా జాగ నాకింక రాలే అన్నా," అన్నాడు మాన్‌సింగ్. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

సదానందం రాజమల్లు వంక చూశాడు. రాజమల్లు డప్పు మీద దుమ్ము తుడుచుకుంటున్నాడు, అంతకంటే పెద్ద పని లోకంలో లేనట్టు. సదానందం మెడ గోక్కున్నాడు. "సాకేతూ, గా ఒక్క జాగ నువ్వు అందుకో, వచ్చే వారం దాక. కడమ పాటంత చెయ్యి తియ్యి, ఆయిన ఉన్నడు గద," అన్నాడు, అనేసి మళ్లీ మైకుల అతని మీద పడ్డాడు. పాట మొదటి నుంచి ఎత్తుకున్నారు. కాలు, ఒక్కటి, ఆపు. స్వరూప ముందుకే చూసి పాడింది, సదానందం కొట్లాట ఆపలేదు, ఆడబిడ్డలు తిరుగుతూనే మాట్లాడుకున్నారు, ఇప్పుడు ఇరవై మంది అయ్యారు, మొత్తం పాటలో ఒక్కరంటే ఒక్కరు మాన్‌సింగ్ వంక చూడలేదు, అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగి సున్నం చుక్కలు అలికినట్టయ్యాయి, అయినా వాటితో పనిలేకపోయింది.

పాట అయ్యాక నిర్మల ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. మౌనిక ముఖం ఫోన్ నిండా ఉంది, ముక్కు ఎర్రగా.

"బాపూ, ఈ ఫోన్ల అందరియి వినబడ్డయి. నీదొక్కటే వినబడలే. మల్ల వైరు పీకిండ్రా?"

"పీకలే బిడ్డా," అన్నాడు మాన్‌సింగ్. "ఉన్న."